ముగ్గు గీత మీద నడిచిన బండి

మా బావ సింహాచలం గారు ఇక లేరు. బిలాస్‌పూర్ స్టేషను గేటు దగ్గర నల్లకోటు వేసుకుని నిలబడి, రైలు దిగిన ప్రతి తెలుగువాణ్నీ ముందు టిక్కెట్టు అడిగి, ఆ తరువాత "ఏ ఊరు మనది?" అని అడిగిన ఆ మనిషి, ఈ వైశాఖంలో ఒక మధ్యాహ్నం మా అప్ప (అక్కను మేము అలాగే పిలుస్తాం) పోసిన గంజి రెండు గుక్కలు తాగి, గోడవైపు తిరిగి పడుకుని, మళ్లీ ఇటు తిరగలేదు. పక్షవాతంతో మంచం పట్టి చాలా కాలమైంది కాబట్టి ఇది అనుకోని వార్త కాదని కొందరు నన్ను ఓదార్చారు. ముందే తెలిసిన దెబ్బ తక్కువ నొప్పి పెడుతుందని వీరికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. కబురు వచ్చినప్పుడు నేను పార్సెల్ ఆఫీసులో డ్యూటీలో ఉన్నాను. లేచి నిలబడ్డానట, మళ్లీ కూర్చున్నానట, ఎదురుగా ఉన్న పార్సెలు బుట్టను చేత్తో నిమురుతూ ఉండిపోయానట. తోటి గుమస్తా చెబితే తెలిసింది.

పరామర్శకు వచ్చిన పెద్దలు ఆయనను శాంతమూర్తి అన్నారు. పరోపకార పరాయణుడు అన్నారు. అజాతశత్రువు అన్నారు. నడిమి మాట ఒక్కటే నిజం. మిగతా రెండూ, పోయినవాడు లేచి కాదనలేడన్న ధైర్యంతో ఆడిన అబద్ధాలు. మా బావ శాంతమూర్తి కాడు. ఆయనకు కోపం వస్తే ప్లాట్‌ఫారం ఈ కొసన అరిచిన అరుపు ఆ కొసన టీ అమ్మేవాడికి వినబడేది. ఆయనకు శత్రువులూ ఉన్నారు. వారిలో ముఖ్యుడు ఆయన పోయిన రోజు అందరికన్నా పెద్ద దండ పట్టుకుని వచ్చాడు. ఈ వ్యాసం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది దుఃఖమే అయినా, కలం పట్టించింది మాత్రం ఆ దండ.

ఆయన్ని గురించి చెప్పాలంటే "ఆ బండి" గురించి చెప్పాలి. మన రైల్వే క్వార్టర్ల లైన్లలో ఆ బండికి పేరు లేదు. ఉన్న పేరు ఎవరూ నోట పలకరు. చనిపోయినవారిని అర్పా నది ఒడ్డున ఉన్న శ్మశానానికి చేర్చే బండి అది. రెండు పాత టాంగా చక్రాలు, వాటి మీద ఇనుప పట్టీల చట్రం, చట్రం మీద వెదురు తడిక, తొయ్యడానికి వెనకాల ఒక పిడి. ఇంతే. దాన్ని చేయించినవాడు, తోసినవాడు, కాపాడినవాడు మా బావ.

దాని పుట్టుక చెబుతాను. మా బావ ఈ ఊరికి బదిలీ మీద వచ్చిన కొత్తలో లోకో షెడ్డులో ఒక యువకుడు జ్వరం తగిలి చనిపోయాడు. పెళ్లి కాలేదు, నా అన్నవాళ్లు శ్రీకాకుళం అవతల ఎక్కడో ఉన్నారు. మన ఆచారం ప్రకారం పాడెను అయినవాళ్లు నలుగురు భుజం మీద మొయ్యాలి. ఆచారం గొప్పదే. కాని సొంత ఊళ్లో అయితే భుజాలు ఖాళీగా ఉంటాయి. ఇక్కడ ఒకడు రాయగఢ్ వైపు గూడ్సు మీద ఉంటాడు, ఒకడు నైట్ డ్యూటీ చేసి ఒళ్లు తెలియకుండా పడుకుని ఉంటాడు, ఒకడు సిగ్నలు వదిలి రాలేడు. నాలుగో వాడి కోసం ఎదురు చూస్తూ ఆ శవం పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్వార్టరు వసారాలో ఈగలు ముసురుతూ పడి ఉంది. డ్యూటీ దిగి వస్తున్న బావ ఆ వసారా ముందు ఆగాడు. అక్కడ చేతులు కట్టుకుని నిలబడ్డ పెద్దల మీద విరుచుకుపడ్డాడు.

"నలుగురు మొయ్యాలంటే నలుగురుండాల గదా! డ్యూటీ మనల్ని నాలుగు పక్కలకీ తోలీసింది. నాలుగోవోడు వచ్చీదాకా ఈ సచ్చినోడు ఏటి సెయ్యాల? లేచి నడిసెల్లాలా?"

ఆ రోజు ఆ యువకుణ్ని బావ, నేను, ఇంకొకరు కలిసి, ఒక మూల ఖాళీగానే మోశాం. మర్నాటి నుంచి బావ పాత చక్రాల కోసం టాంగావాళ్ల వెంట పడ్డాడు. బండి తయారయ్యాక శాస్త్రం తెలిసినవారు ముక్కు మీద వేలేసుకున్నారు. భుజం మీద పోవలసిన మనిషి చక్రాల మీద పోతే గతులు ఉండవన్నారు. టిక్కెట్టు కలెక్టరు కదా, ఆఖరి టిక్కెట్టు కూడా ఈయనే కోస్తాడని ఎగతాళి చేశారు. ఆ ఎగతాళి ఆయనకు నచ్చింది. తరువాత తనే చెప్పుకునేవాడు.

కులాల తగవు వచ్చినప్పుడు కూడా ఆ నల్లకోటే సమాధానం చెప్పింది. తమ కులంవాళ్లు పోయిన బండి మీద వేరే కులంవాళ్లను తీసుకెళ్లకూడదని ఒక పెద్దమనిషి ఇంటికి వచ్చి మరీ హితవు చెప్పాడు. బావ ఆయనకు మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, "అచ్ఛా, తమరు సెప్పింది ఇన్నాను. ఈ బండికి ఫస్టు క్లాసు నేదు, థర్డు క్లాసు నేదు. ఎక్కినోడు ఎవుడూ ఇంతవరకు ఫిర్యాదు సెయ్యనేదు," అని పంపేశాడు. పక్క స్టేషను గతౌరాలో ఒక గ్యాంగుమన్ను భార్య పోతే అంత దూరమూ ఎండలో ఆ బండి తోసుకుంటూ వెళ్లాడు. ఆవిడది ఏ కులమో ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఇప్పటికీ అని రాశాను. అలవాటు పోలేదు.

ఇక లారీ గుద్దిన సంగతి.

యుద్ధం రోజులు. ఊళ్లో ఎటు చూసినా లారీలు. మన తెలుగువాడే, జగ్గారావు అనే కాంట్రాక్టరు, కొత్తగా ఒక లారీ కొన్నాడు. ఒకనాటి సాయంకాలం మేము శ్మశానం నుంచి ఖాళీ బండి తోసుకుంటూ వస్తున్నాం. బావ పిడి దగ్గర, నేను పక్కన. రైలు గేటు దాటి మలుపు తిరుగుతుండగా ఆ లారీ హారను కూడా కొట్టకుండా వచ్చి ఎడమవైపున గుద్దింది. బండి గిరగిరా తిరిగి కాలవలో పడింది. బావ మోచేయి చీరుకుపోయింది. లారీ ఆగింది. దిగినవాడు జగ్గారావే. దెబ్బ తగిలిందా అని అడుగుతాడనుకున్నాం. ఆయన బండి వంక చూశాడు. అదేమిటో తెలిసింది. ముఖం నల్లబడింది.

"ఛీ ఛీ! పాడెబండా! కొత్త లారీరా, పూజ సేయించి గట్టిగా నెల కానేదు. మైల సేసీసారు గదరా! ఇప్పుడు దీనికి సంప్రోక్షణ ఎవుడు సేయిస్తాడు, నువ్వా?"

గుద్దినవాడు అడిగిన మాట ఇది! మనిషి మోచేతి నుంచి నెత్తురు కారుతుంటే, లారీకి అంటిన మైల గురించి అడిగాడు. నాకు ఈ రోజుకీ ఆ మాట గుర్తుకొస్తే ఒళ్లు మండుతుంది. బావ మాత్రం కాలవలోంచి పైకి వచ్చి, మోచేయి తుడుచుకుని, గేటు దగ్గర ఆగిన జనమంతా వినేలా అన్నాడు: "నీ లారీకి నా బండి మైల అంటితే అర్పా నీల్లతో కడుక్కో. నా బండికి నీ లారీ మైల అంటింది. దాన్ని నాను ఏటితో కడుక్కోవాల?"

జనం నవ్వారు. జగ్గారావు లారీ ఎక్కి వెళ్లిపోయాడు. ఆ నవ్వును ఆయన మరిచిపోలేదు. మేమూ మరిచిపోలేదు. కాని నవ్వుతో బండి నిలబడదు. పైకి లాగి చూస్తే చక్రాలు బాగానే ఉన్నాయి, చట్రమే పాడైంది. ఎడమ పట్టీ లోపలికి వంగి, నలుచదరంగా ఉండవలసిన చట్రం మూల తిరిగింది. ఒక చక్రం ముందుకీ ఒకటి వెనక్కీ పోయింది. తోస్తే ఎడమవైపు కాలవలోకే లాగుతోంది. యుద్ధం రోజుల్లో ఇనుము దొరకడం బంగారం దొరికినట్టే. కొత్త చట్రం మాట మరిచిపోవలసిందే. షెడ్డులో సొంత పనులు చేయనివ్వరు. బజారులో కమ్మరి దగ్గరకు తీసుకెళ్తే అతను బండిని చూసి కొలిమి ముందుకొచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "నై బనై బాబూ," కుదరదు అన్నాడు. నాగలి కర్రులు కాలే కొలిమిలో పాడె ఇనుము పెట్టనన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. అతను చెప్పింది ముఖం మీదే చెప్పాడు.

"అయితే ఇంటికే," అన్నాడు బావ.

ఇంటికే! ఈ మాట ఎంత మాటో మన వాళ్లకు చెప్పనక్కరలేదు. శ్మశానానికి వెళ్లొచ్చిన మనిషే కాళ్లు కడుక్కోకుండా గడప తొక్కడు. అలాంటిది పాడెబండిని తెచ్చి, పసుపు రాసిన గడప ఉన్న ఇంటి పెరట్లో పెట్టడం! మా అప్ప చిట్టెమ్మ ముత్తైదువ. బండి పెరటి గుమ్మంలోకి రావడం చూసి ఆవిడ ఒక్క క్షణం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆవిడ ముఖమే చూస్తున్నాను. వద్దంటుందనుకున్నాను. ఆవిడ లోపలికి వెళ్లి, ఒక చెంబుడు నీళ్లు తెచ్చి, ముందు ఆయన మోచేయి కడిగి, మిగిలిన నీళ్లు బండి చక్రాల మీద పోసింది. తడిక ఊడదీసి బయట పెట్టమంది. అంతే, ఆవిడ అనుమతి అది.

మొదటి రోజు బావ కోపంతో పని చేశాడు. వంగిన పట్టీని రోటి మీద పెట్టి సమ్మెటతో బాదాడు. ఒక్కొక్క దెబ్బకీ జగ్గారావును తిట్టాడు. దెబ్బ పడిన చోట వంకర పోయి, దాని పక్కన ఇంకో వంకర వచ్చింది. సాయంత్రానికి పట్టీ పాముమెలికలా తయారైంది. రోటి అంచు కూడా పగిలింది. అప్ప రాలిన రాతి ముక్కలు ఏరి కొంగులో వేసుకుంది. బావ సమ్మెట పక్కన పడేసి అరుగు మీద కూర్చుని, ఆ తరువాత ఎన్నోసార్లు అన్న మాట మొదటిసారి నాతో అన్నాడు: "కోపం మనిసి మీద పడాల గానీ ఇనుము మీద పడకూడదురా రమణా. మనిసైతే సిగ్గు పడతాడు. ఇనుముకి సిగ్గు నేదు."

ఈ సూక్తిలో మొదటి సగం నేను ఒప్పుకుంటాను. రెండో సగం మీద నాకు సందేహం ఉంది. ఆ తరువాత నేను చూసిన మనుషుల్లో ఇనుము కన్నా సిగ్గు తక్కువవాళ్లు చాలా మంది ఉన్నారు.

దారి చూపించింది అప్ప. మర్నాడు ఆవిడ చట్రం చుట్టూ తిరిగి చూసి, "మూల తిరిగిన మంచం నాగుంది," అంది. నిజమే. నులకమంచం ఒక మూలకి తిరిగితే ఏం చేస్తాం? కొట్టం కదా. ఏ మూల దూరమైందో ఆ మూలనుంచి ఎదుటి మూలకు తాడు కట్టి, తాడు మధ్యలో కర్ర దూర్చి మెలిపెడతాం. మెలి పడుతున్న కొద్దీ తాడు పొట్టిదై, రెండు మూలలనూ దగ్గరకు లాగుతుంది. బావ ఎగిరి గంతేశాడు. ముందు బొగ్గులు పోసి గుంటలో మంట పెట్టి, మెలికలు పడ్డ పట్టీని ఎర్రగా కాల్చి, గడ్డపారతో మెల్లగా తీశాం. నిటారుగా వచ్చిందనుకుని వదిలితే ఇనుము కొంచెం వెనక్కి పోయేది. అందుకని రవ్వంత ఎక్కువ లాగి వదలాలి. ఆ రవ్వంత ఎంతో తెలుసుకునే సరికి మా చేతులు బొబ్బలెక్కాయి. తరువాత తాడు పని. బావ కర్ర తిప్పితే నేను తాడు కొస పట్టుకునేవాణ్ని. అప్ప తన కొంగుకు కట్టుకున్న నూలుపోగు విప్పి మూలనుంచి మూలకు కొలిచేది. రెండు కొలతలూ ఒకటైతేనే చట్రం చదరమైనట్టు. డ్యూటీ దిగాక రోజూ ఇదే పని.

ఆ రోజుల్లోనే మా వాళ్ల గొప్పతనం కూడా చూశాం. పక్క క్వార్టరులో పాయింట్స్‌మన్ భార్య పైడమ్మ ఉండేది. పెరటి గోడ మీంచి చూసి లైనంతా చాటింది. అప్ప పేరంటానికి పిలిస్తే ఒక్క ఇల్లాలు రాలేదు. పళ్లెంలో కలిపిన పసుపు అలాగే ఎండిపోయింది. కుళాయి దగ్గర అప్ప బిందె పెడితే పక్క బిందెలు జరిగేవి. పురిటికీ పెళ్లికీ ముందు నిలబడి పని చేసిన ఇల్లాలిని, శవాలకు పనికొచ్చే ఇనుము ఇంట్లో ఉందని వెలివేశారు. ఆ వెలివేసిన ఇళ్లలో సగం ఇళ్ల నుంచి అంతకు ముందే ఆ బండి ఒక మనిషిని మోసుకెళ్లింది. అది వారికి జ్ఞాపకం రాలేదా? వచ్చింది. అందుకే ఆ కోపం.

అప్ప మాత్రం పొద్దున్నే వాకిట్లో వేసినట్టే పెరట్లోనూ కళ్లాపి చల్లి ముగ్గు వేసేది. బండి ఉన్న చోట బండి చుట్టూ వేసేది.

"ఒలే సిట్టెమ్మా! పాడెకి ముగ్గేటే? మతి పోనాదేటి నీకు?" అని పైడమ్మ గోడవతల నుంచి అరిచింది.

"నా పెరట్లో ఉన్నంతకాలం అది సుట్టమే పైడమ్మా," అంది అప్ప, ముగ్గు మీంచి తల ఎత్తకుండా.

చట్రం సరయిందా లేదా చూడాలంటే బండి నడవాలి. పెరట్లో నేల మీద సరయిన దారి ఎలా తెలుస్తుంది? ఇదీ అప్పే చెప్పింది. చక్రాల ఎడం కొలుచుకుని, పెరటి ఈ గోడనుంచి ఆ గోడదాకా రెండు ముగ్గు గీతలు గీసింది. చెయ్యి వణకకుండా, మధ్యలో ఆగకుండా, ఒక్క ఊపులో గీసింది. ఆ గీతల మీద చక్రాలు పెట్టి, కాస్త తోసి, పిడి వదిలేశాం. బండి సగం దూరం వెళ్లి ఎడమ గీతను తుడిపేసి గోడకు కొట్టుకుంది. మళ్లీ తాడు, మళ్లీ కర్ర, మళ్లీ గీతలు. అలా ఎన్నిసార్లు తుడిచి ఎన్నిసార్లు గీసిందో నేను లెక్క పెట్టలేదు. చివరికి ఒక సాయంత్రం బండి ఎవరి చెయ్యీ లేకుండా రెండు గీతల మీదా మెత్తగా నడిచి, గోడ దగ్గర దానంతట అదే ఆగింది. చక్రాల అంచులకు తెల్లగా పిండి అంటుకుంది. బావ గట్టిగా కేక పెట్టాడు.

"సూడ్రా రమణా! పట్టాల మీద రైలు నడిసినట్టు నడిసింది! సిట్టీ, నీ ముగ్గే నా పట్టా!"

ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన అప్పను అందరి ఎదటా ముద్దుపేరుతో పిలవడం నేను విన్నది ఆ ఒక్కసారే. గోడవతల పైడమ్మ కూడా వింది. ఆ తరువాత కొంతకాలానికి పైడమ్మ భర్త పోయాడు. ఏ పెరట్లో సరిచేశారని వాళ్లు మొహం తిప్పుకున్నారో ఆ బండి మీదే, ఎటూ లాగకుండా, కుదుపు లేకుండా వెళ్లాడు. బావ తోశాడు. పైడమ్మతో ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. నేనైతే ఎత్తేవాణ్ని.

ఆ చట్రం ఆ తరువాత చాలా ఏళ్లు చెక్కు చెదరలేదు. పక్షవాతం వచ్చి బావ కుడి చెయ్యి పడిపోయేదాకా బండికి ఆయన నూనె పెడుతూనే ఉన్నాడు. ఆయన మంచం పట్టాక ఏం జరిగిందో ఇప్పుడు రాస్తాను. ఇది చదివి నొచ్చుకునేవారు నొచ్చుకోండి.

మన వాళ్లు భజన మందిరం కట్టాలని సంకల్పించారు. మంచి సంకల్పం. కమిటీ పెద్ద జగ్గారావు గారు. అప్పటికి ఆయనకు గారు తగిలింది. లారీ వేరే పనుల మీద ఉందని, ఇటుకలకూ సున్నానికీ బండి కావలసి వచ్చింది. "ఊరకే పడుంది గదా," అని ఆ బండిని తోలుకుపోయారు. ఊరకే పడుందట! మనుషులు చచ్చిపోవడం మానేశారా? మనిషి బరువుకు చేసిన చట్రం మీద బట్టీ ఇటుకలు కొండలా పేర్చారు. పాడెబండి మోసిన ఇటుకలతో దేవుడి గోడలు లేచాయి. కొత్త లారీకి తగిలిన మాత్రాన సంప్రోక్షణ కావలసి వచ్చిన మైల, దేవుడి ఇటుకలకు అంటలేదు. అంటిందేమో అని అడిగిన శాస్త్రం తెలిసినవాడూ లేడు. పని అయ్యాక బండిని మందిరం వెనక పడేశారు. చట్రం నడుం కుంగి, మళ్లీ మూల తిరిగి, మళ్లీ ఎడమకు లాగుతూ.

ఈ సంగతి అప్ప బావకు దాచకుండా చెప్పింది. ఆయన నోరు సగమే పలికేది. "వంగిందా?" అన్నాడు. "వంగింది," అంది అప్ప. ఆయన ఎడమ చెయ్యి మంచం పట్టె మీద ఆనించి, "మల్లీ తియ్యాల," అన్నాడు. నేను విన్న ఆయన మాటల్లో అదే ఆఖరిది. తిట్టలేదు. తిట్టడానికి నోరు లేదు కాబట్టి శాంతమూర్తి అన్నారేమో.

ఆయన పోయిన రోజు లైను మొగలో ఒక లారీ వచ్చి ఆగింది. నాలుగు వైపులా అరటి బోదెలు, బంతి దండలు. అదే లారీ. రంగు వేశారు గాని నేను గుర్తుపట్టాను. జగ్గారావు గారు దండ పట్టుకుని లోపలికి వచ్చారు, వెనక కమిటీ.

"అంత మానుబావుణ్ని ఆ దరిద్రపు బండి మీద తీసుకెల్తావేటి రమణా? ఊరు నవ్వదేటి? లారీ మీద దర్జాగా సాగనంపుదాం. కమిటీ తరఫున," అన్నారు.

ఖాళీ బండి తగిలితే మైలపడ్డ లారీ ఇవాళ శవాన్నే మొయ్యడానికి సిద్ధమైంది, చూసే జనం ఉన్నారు కాబట్టి! లోపల శవం పక్కన కూర్చున్న అప్ప తల ఎత్తింది. గొంతు పెద్దది చెయ్యలేదు.

"ఆ లారీ ఈయన్ని ఒకసారి గుద్దింది, సాలు. బండి తెండి."

మందిరం వెనకనుంచి బండి వచ్చింది. సున్నం మరకలు కడిగాం. కొత్త తడిక వేశాం. ఆయన్ని దాని మీద పడుకోబెట్టి కదిలించగానే అది ఎడమకు లాగింది. సరిచెయ్యడానికి వ్యవధి లేదు. ఇద్దరం కుడివైపు చట్రం పట్టుకుని అర్పా ఒడ్డుదాకా దారి పొడవునా కుడికి లాగుతూ నడిచాం. ఎంతమందిని తిన్నగా తీసుకెళ్లినవాడు! తన వంతు వచ్చేసరికి వంకర బండి! ఇంతకన్నా కృతఘ్నత ఈ ఊరు ఇంకెవరికీ చెయ్యలేదు. చెయ్యబోదు కూడా, ఎందుకంటే అలాంటివాడు ఇంకొకడు లేడు. రైలు గేటు మలుపు దగ్గర, ఆనాడు లారీ గుద్దిన చోట, బండి మళ్లీ కాలవ వైపుకు పోబోయింది. బలమంతా పెట్టి ఆపాం. నా భుజం ఇంకా నొప్పి పెడుతోంది. తగ్గిపోకూడదనే ఉంది నాకు.

కర్మ ముగిసింది. బండిని నేను మందిరం వెనక్కి పంపలేదు. మా ఇంటి పెరట్లోకి తెచ్చాను. మా లైనులోనూ గుసగుసలు మొదలయ్యాయి. కానివ్వండి. పట్టీ కాల్చి తీశాను. తాడు కట్టాను. నిన్న పొద్దున అప్ప మా ఇంటికి వచ్చింది. బొట్టు లేని ముఖంతో, బోసి చేతులతో వచ్చి, కళ్లాపి చల్లి, వంగి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ముగ్గు గీత మొదలుపెట్టింది. భర్త పోయిన ఆడది ముగ్గు చిప్ప ముట్టుకోవడం! దారిన పోతున్న పైడమ్మ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"సిట్టెమ్మా! నువ్వు ముగ్గెయ్యకూడదు గదమ్మా."

"ఇది ముగ్గు కాదు. బండికి దారి," అంది అప్ప.

మొదటి గీత అయింది. రెండోది సగంలో ఉండగా చిప్పలో పిండి అయిపోయింది. అప్ప అలాగే వంగి ఉండిపోయింది. మా ఇంట్లో పిండి లేదు. పైడమ్మ గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. అంతేలే అనుకున్నాను. కాసేపటికి రొప్పుతూ వచ్చి, ఒక డబ్బాడు ముగ్గు పిండి అప్ప చేతి పక్కన పెట్టి, గుమ్మం అవతలకి వెళ్లకుండా అక్కడే నిలబడింది. అప్ప రెండో గీత పూర్తి చేసింది.

బండి ఇంకా ఎడమకే లాగుతోంది. నిన్న రెండుసార్లు గీత తుడిచింది.

ఆదివారం నాడు భజన మందిరంలో సంస్మరణ సభ ఉందని, జగ్గారావు గారు పటం ఆవిష్కరిస్తారని, ఆప్తుడిగా నేను మాట్లాడాలని కమిటీవారు కబురు చేశారు. నేను రాను. నేను చెప్పవలసింది ఇక్కడ రాసేశాను. మా బావ సింహాచలం గారికి పటం కట్టేవాళ్లు, దండ వేసేవాళ్లు, శాంతమూర్తి అనేవాళ్లు ఈ ఊళ్లో కావలసినంతమంది ఉన్నారు. ఆ ఒక్కడూ పోయాక బండి పిడి పట్టడానికి మనిషి లేడు. ఆయనకు నమస్కారం పెట్టదలచినవారు ఆదివారం పొద్దున్నే మా పెరటికి రండి. మెలిపెట్టే కర్ర నా చేతిలో ఉంది. తాడు కొస పట్టుకోవడానికి చేతులు చాలడం లేదు.